40వ మెట్టు దగ్గర పట్టేసే నొప్పి

ప్రశ్న: అక్కయ్య గారూ, మాది విజయవాడ విద్యాధరపురం. ఇల్లు కొండ మీద, రోడ్డు నుంచి 92 మెట్లు ఎక్కాలి. మావారికి 57 ఏళ్లు, వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తా. షుగర్ ఉంది. మొన్న వేసవిలో మెట్లెక్కుతుంటే 40వ మెట్టు దగ్గర గుండె మీద బండ పెట్టినట్టు పట్టేసింది, ఎడమ చెయ్యి లాగింది. కాసేపు కూర్చుంటే పోయింది. పరీక్షలు చేసి ఆంజైనా అన్నారు. యాంజియోగ్రాంలో ఒక రక్తనాళం 70 శాతం పూడిందని, ప్రస్తుతానికి మందులతో చూద్దామని చెప్పారు. అప్పట్నుంచి ఆయన కొండ దిగడం లేదు, కొట్టు మానేశారు. నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇస్తే అలవాటైపోతుందని ముట్టుకోరు, నొప్పి వస్తే పళ్లు బిగించి ఓర్చుకుంటారు. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి స్టెంటు, అదే నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వేయించేస్తే పీడా పోతుందంటాడు. ఈయనేమో కార్తీకంలో భవానీ మాల వేసుకుని తీరతానంటున్నారు, 14 ఏళ్లుగా వేసుకుంటున్నారు. రాత్రిళ్లు ఆయన ఊపిరి ఆడుతోందో లేదో చూస్తూ కూర్చుంటున్నాను. నేనేం చెయ్యాలి?
ఒక చెల్లెలు, విజయవాడ

జవాబు:

చెల్లెమ్మా,

నేను గుంటూరులో గుండె వార్డులో 31 ఏళ్లు సిస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మందులు మార్చే పని మీ డాక్టరుగారిది, అందులో నేను వేలు పెట్టను. కానీ చీటీ చేతిలో పెట్టి పంపేశాక ఆ మనిషి ఇంటికెళ్లి ఎలా బతకాలో కూర్చోబెట్టి చెప్పే తీరిక చాలా చోట్ల ఎవరికీ ఉండదు. మా నాన్నగారికీ ఇదే జబ్బు. ఆయన్ని చూసిన చోట రెండు నిమిషాల్లో మందులు రాసి పంపించేశారు. ఆయన ఆ నాలుక కింద మాత్రల్ని బీరువాలో పెట్టి తాళం వేశారు, ప్రాణం మీదికొచ్చినప్పుడు వాడదామని. నాలుగేళ్లు అలాగే దాచారు. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అందుకే మీ ఉత్తరంలో ఆ మాత్ర మాట చదవగానే మిగతావన్నీ పక్కన పెట్టి జవాబు రాయడానికి కూర్చున్నాను.

ముందు ఆ 40వ మెట్టు దగ్గర ఏం జరుగుతోందో మీ ఇద్దరికీ తెలియాలి. మన డెల్టాలో కాలువ చివరి పొలాల సంగతి మీకు తెలుసు కదా. కాలువలో పూడిక పేరుకుని ఉన్నా, మామూలు రోజుల్లో ఆ కాస్త నీటితోనే చివరి చేను గడిచిపోతుంది. నాట్లు మొదలై అందరూ ఒక్కసారి నీళ్లు పెట్టుకున్నప్పుడే ఆ చేనుకు అందదు. మీవారి గుండె కండరం ఆ చివరి చేను లాంటిది. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు, కబుర్లు చెప్పుకుంటున్నప్పుడు దానికి చాలినంత రక్తం అందుతోంది. మెట్లెక్కేటప్పుడు గుండె వేగంగా కొట్టుకోవాలి, కండరానికి ఎక్కువ రక్తం కావాలి. పూడిన నాళంలోంచి అంత రాదు. చాలకపోయేసరికి పట్టేస్తుంది. ఆగి కూర్చుంటే అవసరం తగ్గుతుంది, నొప్పి పోతుంది. చేను ఎండిపోలేదు, దానికి దాహం వేసిందంతే. గుండెపోటులో అలా కాదు. అక్కడ పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి నాళం మూసుకుపోతుంది, కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. ఈ రెండింటినీ ఒకటే అనుకున్నారు కాబట్టే ఆయన కొండ దిగడం మానేశారు, మీరు నిద్ర మానేశారు.

ఇక మాత్ర. అది అలవాటయ్యే మందు కాదు. సార్బిట్రేట్ అనండి, ఇంకో పేరనండి, నైట్రేట్ జాతి మందు అది. రక్తనాళాల్ని వదులు చేసి గుండె మీద బరువు తగ్గిస్తుంది. 1879లో లండన్‌లో విలియం మర్రెల్ అనే వైద్యుడు ఈ జాతికే చెందిన నైట్రోగ్లిజరిన్‌ను ముందు తన మీదే ప్రయోగించుకుని, తర్వాత ఆంజైనా రోగులకు వాడి ఫలితాలు ప్రకటించాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా జనం వాడుతూనే ఉన్నారు. నొప్పి ఓర్చుకోవడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. ఎంతసేపు ఓర్చుకుంటే అంతసేపు ఆ కండరానికి రక్తం చాలడం లేదని అర్థం.

వాడే పద్ధతి మాత్రం సరిగ్గా తెలియాలి. నొప్పి మొదలవగానే ఎక్కడున్నవారు అక్కడే కూర్చోవాలి. మెట్టు మీదైనా సరే, ఎవరైనా చూస్తారన్న మొహమాటం లేకుండా కూర్చోవాలి. ఇంకో పది మెట్లేగా, ఇంట్లోకెళ్లి వేసుకుందాం అనుకుంటారు చూడండి, ఆ పది మెట్లే ప్రమాదం. ఒక మాత్ర నాలుక కింద పెట్టుకుని కరగనివ్వాలి. నోరెండిపోయి ఉంటే ముందు గుక్కెడు నీళ్లతో తడుపుకోవాలి. మింగేస్తే అది కడుపులోంచి కాలేయానికి వెళ్లి అక్కడే చాలా భాగం విరిగిపోతుంది, పని చెయ్యడానికి ఆలస్యమవుతుంది. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరిగి పడిపోవచ్చు, మీ ఇంటి మెట్ల మీద పడితే అదింకో ఆపద. తల దిమ్మెక్కి నొప్పి పుడుతుంది, ముఖం వేడెక్కుతుంది. దానికి భయపడి చాలామంది మాత్ర మానేస్తారు. ఆ తలనొప్పి కాసేపటికి తగ్గిపోతుంది.

గడియారం చూడండి. అయిదు నిమిషాలైనా నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేలోపు రెండో మాత్ర, మరో అయిదు నిమిషాలకు మూడోది పెట్టుకోవచ్చు. మూడు దాటకూడదు. ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, అలాంటప్పుడు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగమంటారు. మీవారి విషయంలో అది సరేనా అని ఈసారి వెళ్లినప్పుడే డాక్టరుగారిని అడిగి చీటీ మీద రాయించుకోండి, ఆ క్షణంలో తడబడకుండా.

ఆ మాత్రలు ఎప్పుడూ ఆయన ఒంటి మీదే ఉండాలి. బీరువాలో ఉన్నదానివల్ల ఉపయోగం లేదు. ఇంట్లో లుంగీ మీద ఉంటారు గనక జేబుండదు. చిన్న గుడ్డ సంచి కుట్టి మొలతాడుకో మెడలోనో వేయండి. స్కూటర్ డిక్కీలో, ఎండ తగిలే చోట పెట్టకండి, మన బెజవాడ ఎండకు మందులు పాడవుతాయి. అట్ట వెనక తేదీ చూసి ఎప్పటికప్పుడు కొత్తవి కొనండి. రోజూ మింగే మాత్రల్లో కూడా ఇదే జాతిది ఒకటి ఉండొచ్చు. అది నెమ్మదిగా పనిచేసేది, నొప్పి వచ్చినప్పుడు అక్కరకు రాదు. రెండూ కలిసిపోకుండా వేరువేరు డబ్బాల్లో పెట్టండి.

ఇంకొక్క మాట. మీరు అడగలేదు, మీ వీధిలో ఎవరూ అడగరు కూడా. ఈ నైట్రేట్ మందులు వాడేవాళ్లు వయాగ్రా లాంటి మాత్రలు వేసుకోకూడదు. బీపీ ప్రాణం మీదికొచ్చేంతగా పడిపోతుంది. మగవాళ్లు ఇంట్లో చెప్పకుండా కొనుక్కుంటారు, ఆసుపత్రిలో అడిగితే దాస్తారు. ఆయనతో మీరే మాట్లాడండి. భార్యాభర్తలుగా దగ్గరగా ఉండటానికి భయపడక్కర్లేదు. రెండంతస్తుల మెట్లు నొప్పి లేకుండా ఎక్కగలిగిన మనిషి గుండె దాన్నీ తట్టుకుంటుందని వైద్యులు సాధారణంగా చెబుతారు.

ఇప్పుడు మెట్ల సంగతి. విద్యాధరపురం, చిట్టినగర్ కొండల మీద ఇళ్లున్న మనుషుల్ని మా వార్డులో చాలామందినే చూశాను. బల్లపరుపు వీధుల్లో ఉండేవాళ్లకి ఏళ్ల తరబడి బయటపడని జబ్బు వీళ్లకి మెట్ల దగ్గరే బయటపడుతుంది. ఆ విధంగా మీ మెట్లు మీవారికి మేలే చేశాయి. వాటిని మానెయ్యడం కాదు, లెక్కతో ఎక్కడం నేర్చుకోవాలి. 40వ మెట్టు దగ్గర పట్టేస్తోందంటే 25వ దగ్గరే ఆగాలి, నొప్పి రాకముందే. రెండు నిమిషాలు కూర్చుని మళ్లీ 20 ఎక్కి ఆగాలి. ఎక్కుతూ మీతో మాట్లాడగలగాలి. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు. చేతిలో కూరల సంచి, నీళ్ల క్యాను ఉండకూడదు. కడుపు నిండా తిన్న వెంటనే ఎక్కకూడదు, అరుగుదలకీ రక్తం కావాలి కదా, ఒక గంటన్నర ఆగాలి. ఎక్కబోయే ముందే కింద కూర్చుని నాలుక కింద మాత్ర పెట్టుకుని, అయిదు పది నిమిషాలాగి బయల్దేరే పద్ధతి కూడా ఉంది. అది మీవారికి తగునో లేదో డాక్టరుగారే చెప్పాలి, మీరు మాత్రం అడగడం మర్చిపోకండి.

ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొనండి. నొప్పి వచ్చిన ప్రతిసారీ తేదీ, ఎన్నో మెట్టు, ఎంతసేపు ఉంది, ఎన్ని మాత్రలు పట్టాయి, ముందు ఏం తిన్నారు, ఎవరితోనైనా గొడవపడ్డారా, ఇవన్నీ ఆయన చేత్తోనే రాయించండి. గుమాస్తాగా పద్దులు రాసిన చెయ్యి, ఆయన బాగా రాస్తారు. నెల తిరిగేసరికి ఆయన గుండె ఎంత పని ఒప్పుకుంటుందో ఎంతకు మొరాయిస్తుందో ఆయనకే తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మార్పు తెలుస్తుంది. నిన్నటిదాకా 40వ మెట్టు దగ్గర వచ్చేది 15వ దగ్గరే వస్తోందనుకోండి, వారానికోసారి వచ్చేది రోజూ వస్తోందనుకోండి, అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కదలకుండా కూర్చున్నప్పుడు వచ్చినా, నిద్రలోంచి లేపినా, చెమటలు పట్టి వాంతి వచ్చేలా ఉన్నా ఇక నోటుబుక్కు అక్కర్లేదు, 108కి ఫోన్ చెయ్యడమే. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు కూడా. ఒట్టి ఆయాసం, దవడ లాగడం, విపరీతమైన నీరసం, ఇవీ అవే కావచ్చు. గ్యాస్ అనుకుని రాత్రంతా సోడాలు తాగి తెల్లారాక వచ్చిన మనుషుల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

ఫోన్ చేస్తే బండి మీ మెట్ల కిందికే వస్తుంది, ఇంటి దాకా రాదు. ఆ 92 మెట్లు ఆయన్ని నడిపించి దించకూడదు. అందుకని ఈ ఆదివారమే ఒక పని చెయ్యండి. పక్కింటి కుర్రాళ్లు నలుగురితో మాట్లాడి పెట్టుకోండి. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి చూసుకుని ఆయన్ని అందులో కూర్చోబెట్టి ఎలా దించాలో ఒకసారి చేసి చూడండి. మలుపు దగ్గర కుర్చీ తిరుగుతుందా లేదా అప్పుడే తెలుస్తుంది. మీ మెట్ల మొదట్లో ఏ గుడి ఉందో, ఏ కిరాణా కొట్టు ఉందో కాగితం మీద రాసి ఫోన్ దగ్గర అతికించండి, గాభరాలో గుర్తులు నోటికి రావు. బైక్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకెళ్లే పని మాత్రం వద్దు.

మీ అబ్బాయి మాటకొస్తాను. తండ్రి మీద ప్రేమతోనే అంటున్నాడు, కానీ స్టెంటు వేస్తే పీడా పోతుందన్నది పూర్తి నిజం కాదు. మీవారి లాగా గుండె నాళాల్లో పూడిక ఉండి, జబ్బు నిలకడగా ఉన్న 5,179 మంది మీద, మన దేశం కూడా ఉన్న 37 దేశాల్లో ఇస్కీమియా అనే పెద్ద పరిశోధన చేసి 2020లో ఫలితాలు అచ్చువేశారు. సగం మందికి ముందే యాంజియోగ్రాం చేసి అవసరాన్ని బట్టి స్టెంటో బైపాసో చేశారు, మిగతా సగానికి మందులతో మొదలుపెట్టారు. మూడేళ్లు దాటి చూసినా చావుల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తరచుగా నొప్పి వచ్చేవాళ్లకి మాత్రం స్టెంటు వర్గంలో నొప్పి బాగా తగ్గింది. కాబట్టి మందులన్నీ సరిగ్గా వాడినా నొప్పి బతుకు సాగనివ్వకపోతే స్టెంటు మంచిదే. ఎడమ వైపు ప్రధాన నాళంలో పూడిక ఉన్నవాళ్లనీ, గుండె బాగా బలహీనపడినవాళ్లనీ ఆ పరిశోధనలో చేర్చలేదు, వాళ్ల లెక్క వేరు. గుండెపోటు వస్తున్నప్పుడు నాళం తెరిచి వేసే స్టెంటు ప్రాణం నిలబెడుతుంది, అదీ వేరే సంగతి. మీ డాక్టరుగారిని మీ అబ్బాయి ఫోన్లో మూడు సంగతులు అడగాలి: నాన్నకు ఏ నాళంలో ఉంది, మందులతో ఎన్నాళ్లు చూస్తారు, ఏం జరిగితే స్టెంటు అంటారు? రేపు నిజంగా అవసరపడితే, కార్డు ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ కింద, అంటే మనం ఆరోగ్యశ్రీ అని పిలిచినదాని కింద, అడగండి. డబ్బు గురించి ఇప్పుడే గుండెలు బాదుకోవద్దు.

రోజువారీ మందుల్లో గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటిది ఉంటే దాన్ని ఉన్నట్టుండి ఆపకూడదు, నొప్పి ఎదురు తిరుగుతుంది. కొలెస్ట్రాల్ మాత్ర రిపోర్టు బాగుందని మానేస్తుంటారు. పూడిక పగలకుండా కాపాడేది అదే. అన్నంలోకి ఊరగాయ, వడియాలు, అప్పడాలు తగ్గించండి, ఉప్పు మొత్తం మీద రోజుకి ఒక చెంచా దాటకూడదు. పొగతాగే అలవాటుంటే పూర్తిగా మానాలి, తగ్గించడం సరిపోదు.

భవానీ మాల దగ్గర నాకు చాలాసేపు కలం ఆగిపోయింది. 14 ఏళ్లు అమ్మవారి కోసం ఎర్రబట్టలు కట్టిన మనిషిని వద్దు అనడం తేలిక, ఆ మాటతో ఆయనలో ఏం విరుగుతుందో నాకు తెలుసు. మంచం పట్టని జబ్బు మనిషిని మంచాన పడేసేది ఎక్కువసార్లు ఇలాంటి వద్దులే. అయితే దీక్షలో నాలుగు పనులు ఈ జబ్బుకు నేరుగా అడ్డం. తెల్లవారుజామున చన్నీటి స్నానం మొదటిది. చలికి రక్తనాళాలు బిగుసుకుంటాయి, అసలే తెల్లవారుజామున గుండెకు ఓపిక తక్కువ, రెండూ కలిస్తే కూర్చున్నచోటే నొప్పి రావచ్చు. గోరువెచ్చని నీళ్లతో, కాస్త పొద్దెక్కాక చెయ్యాలి. రెండోది ఒంటిపూట భోజనం. షుగర్ మాత్రలు వేసుకుని పస్తుంటే చక్కెర పడిపోతుంది, ఆపైన ఒకేసారి కడుపు నిండా తింటే గుండెకు భారం. అదే ఆహారాన్ని మూడుసార్లుగా తినాలి, మందులు వేళకు మింగాలి. మూడోది ఒట్టికాళ్లు. షుగర్ ఉన్న పాదాలకు గాయం తెలియదు. నాలుగోది కొండెక్కడం, గిరి ప్రదక్షిణ. ఇంద్రకీలాద్రికి ఘాట్ రోడ్డుంది, అమ్మవారు ఆ దారిన వచ్చిన భక్తుణ్ణీ చూస్తుంది. మీ గురుభవాని గారి దగ్గరికి ఇద్దరూ వెళ్లి జబ్బు సంగతి దాచకుండా చెప్పండి. నాకు తెలిసిన గురువులు ఇలాంటప్పుడు పట్టుబట్టరు. 41 రోజులు కాకపోతే 21 రోజుల అర్ధమండలం ఉండనే ఉంది. ఇదంతా డాక్టరుగారు సరే అన్నాకే. ఆయన ఈ ఏడు ఆగమంటే ఈ ఏడు ఆగాలి, నిక్కచ్చిగా.

నడక ఇప్పట్నుంచే మొదలుపెట్టించండి. 1772లో ఈ జబ్బుకు ఆంజైనా అని పేరుపెట్టి తన వ్యాసం అచ్చువేసిన విలియం హెబర్డెన్ తన రోగి ఒకడి గురించి రాశాడు, రోజూ అరగంట కట్టెలు కోసే పని పెట్టుకుని దాదాపు నయమయ్యాడని. మందులే లేని కాలం అది. డాక్టరుగారు ఒప్పుకున్నాక మీవారిని కట్టెలు కొట్టమనను గానీ, భవానీపురంలో పున్నమి ఘాట్ మీకు దగ్గరే, కృష్ణ పక్కన సమతలంగా ఉంటుంది. మొదటి వారం పదే నిమిషాలు, నెమ్మదిగా మొదలుపెట్టి నెమ్మదిగా ఆపడం. వారానికి అయిదేసి నిమిషాలు పెంచుతూ అరగంటకు రావాలి. నడిచేకొద్దీ అదే పనికి గుండె తక్కువ కష్టపడటం నేర్చుకుంటుంది. ఇవాళ 40వ మెట్టు దగ్గర వచ్చేది మూడు నెలల్లో 60 దాటాక వచ్చినా నేను ఆశ్చర్యపోను. కొట్టు పని కూర్చుని లెక్కలు రాసేదే కదా, బస్తాలు దించకుండా ఉంటే మళ్లీ వెళ్లవచ్చేమో అడగండి. ఇంట్లో కూర్చుని గోడ వంక చూసే మనిషికి దిగులు పట్టుకుంటుంది, దిగులు గుండెజబ్బుకు మంచి చెయ్యదు. రెండు వారాలకు పైగా తిండి మీద, మాట మీద ఆసక్తి లేకపోతే అది కూడా డాక్టరుకు చెప్పాల్సిన లక్షణమే.

రాత్రిళ్ల సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అది మీ జబ్బు. మీరు మేలుకుని చూసినందువల్ల ఆయన గుండెకు వచ్చేది లేదు, ఆయనకు తెలుస్తోంది మాత్రం. మీరు చూస్తున్నారని తెలిసి కళ్లు మూసుకుని నిద్ర నటించే భర్తల్ని చాలామందిని చూశాను. మంచం పక్కన స్టూలు మీద మాత్రలు, నీళ్ల గ్లాసు, ఫోను, ఒక గంట పెట్టండి. ఏమాత్రం తేడాగా ఉన్నా గంట కొట్టాలని, ఓర్చుకోకూడదని ఆయన చేత మాట తీసుకోండి. ఆ మాట ఇచ్చాక పడుకోండి. మొదటి రెండు మూడు రాత్రులు నిద్ర పట్టదు, తర్వాత పడుతుంది.

డాక్టరు దగ్గర ఇకనుంచీ నోటుబుక్కు ఆయనే తెరిచి చదవాలి. మీరు పక్కన కూర్చోండి, ఆయన మర్చిపోయినది మాత్రమే గుర్తుచెయ్యండి. మూడు నెలలు పోయాక నొప్పి ఎన్నో మెట్టు దగ్గరికి జరిగిందో నాకూ ఒక ఉత్తరం రాయండి.

మీ అక్క